అమ్మ రాయి, చెల్లెలి రాయి: మదనపల్లె నుంచి కుప్పం దాకా

మా చెల్లెలు గ్రేస్‌కు సమాధిరాయి కుప్పంలో సిద్ధమైందని తమ్ముడు డేవిడ్ ఫోటో పంపాడు. పక్కనే అమ్మ రాయి ఫోటో. పైన అదే వంపు, అదే సిలువ. రెండూ అచ్చుగుద్దినట్టు ఉన్నాయి. గ్రేస్ పుంగనూరులో గాజుల కొట్టు నడిపే మునిరత్నాన్ని పెళ్లి చేసుకుంది. మతం వేరని డేవిడ్ ఆమెతో చివరిదాకా మాట్లాడలేదు. ఇప్పటికైనా మనసు మారిందనుకుని, అక్షరాలు సరిచూసి రావడానికి నేను బయలుదేరాను. ఇలాంటి పని మీద అటు వెళ్లేవాళ్లకు పనికొస్తుందని రాస్తున్నాను.

మదనపల్లెలో ఆరింటి బస్సు ఎక్కితే ఏడుకల్లా పుంగనూరు. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు ఛార్జీ లేదు. బస్టాండు బయట ఇడ్లీ మెత్తగా ఉంటుంది, చట్నీలో కారం ఎక్కువ. మునిరత్నం అక్కడికి వచ్చాడు. అమ్మ ఉన్న మా చర్చి సంఘం సమాధుల తోటలోకి డేవిడ్ ఆయన్ను రానివ్వడు. అందుకే ఆయన అడిగింది ఒక్కటే.

"గ్రేస్ పేరు దూరానికి కనపడేట్టు ఉండాదా సూడు వదినా. నేను గోడ బయట నిలబడి సదువుకోవాల్సినోణ్ని."

పలమనేరులో బస్సు మారి, వి.కోట మీదుగా కుప్పం చేరేసరికి పదకొండు దాటింది. గ్రానైట్ షెడ్డుకు ఆటో ఎనభై అడిగి అరవైకి వచ్చాడు. దారంతా రాతిపొడి, ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకోవాలి.

మేస్త్రీ మురుగేశు గోనెపట్టా తీశాడు. రాయి నా మోకాలి దాకా వచ్చింది. అమ్మ రాయి నడుము దాకా ఉంటుంది.

నేను పదో తరగతికి లెక్కలు చెబుతాను. ఆకారం ఒకటైతే సరూపాలు, కొలతలూ ఒకటైతేనే సర్వసమానాలు అని ఏటా బోర్డు మీద రాస్తాను. అలాంటిదాన్ని ఫోటో చూసి మోసపోయాను. ఎత్తు సగం, వెడల్పు సగం. రాయి ముఖం పావువంతు. అక్షరాలూ అలాగే తగ్గాయి. పేరు చదవాలంటే వంగాలి. ఆకారం మార్చకుండా సైజు సగం చేయమని డేవిడే చెప్పాడట.

ఫోన్ చేశాను. దిమ్మె కూడా ఆ కొలతకే కట్టించానని, పెద్దది తెస్తే సంఘం ఒప్పుకోదని అన్నాడు. సంఘంలో మాట వాడిదే.

"అమ్మ పక్కన సోటిచ్చినాం గదక్కా. దానికి అది సాలు. నీకైతే అమ్మంత రాయే పెట్టిస్తాలే."

అక్కడే బండ మీద కూర్చుని ప్రార్థించాను. చేదు పోలేదు. లేచి, అదే కొలతకు ఇంకో రాయి నా పేరున కోయమన్నాను.

"బతికుండంగానే యాలమ్మా? అదీ ఇంత సిన్నది?" అన్నాడు మురుగేశు.

"వెంట్రుకవాసి కూడా పెద్దది కాకూడదప్పా," అన్నాను.

రాళ్లు మినీ లారీలో పంపుతారు, బాడుగ వేరే. తిరుగు బస్సు పుంగనూరులో ఆగినప్పుడు మునిరత్నం కిటికీ దగ్గరకు వచ్చాడు. గోడ బయటికి కనపడదని చెప్పాను. తల ఊపి, నాకు మంచినీళ్ల సీసా అందించి వెళ్లిపోయాడు.

డేవిడ్ చెల్లెలికి అమ్మ రాయి ఆకారం ఇచ్చాడు, ఎవరూ తప్పుపట్టకుండా. నాకు మింగుడుపడనిది అదే. వాణ్ని క్షమించే మనసు ఇమ్మని రోజూ అడుగుతున్నాను, ఇంకా రాలేదు. నా తర్వాత వాడు ఆ తోటకు వస్తే, రెండు చిన్న రాళ్ల ముందు నిలబడాలి.

వెళ్లేవాళ్లకు ఒక్క మాట: ఫోటోను నమ్మకండి. పాత రాయి ఎత్తుకొకటి, వెడల్పుకొకటి దారం తెంపి, పని మొదలు కాకముందే మేస్త్రీ చేతికి ఇవ్వండి.