రెండిళ్ళ చాయ్

మా ఎదురు ఖోలీ పిల్ల జడ్జి అయిందని తెలిసిన రోజు నేను వాళ్ళు పంచిన పాల పేడా తిన్నాను, నవ్వాను, వాళ్ళమ్మను కౌగిలించుకున్నాను. తర్వాత నల్లా దగ్గరికి వెళ్ళి ఆ తీపి పోయేదాకా నోరు పుక్కిలించాను. ముంబై కామాటిపురలో, వరండా పొడవునా ఒంటిగది ఖోలీలుండే ఒకే చాల్‌లో పుట్టి పెరిగాం. ఒకే వరండా దీపం కింద కూర్చుని లా చదివాం. ఆ జడ్జి పరీక్ష నేనూ రాశాను. ఆమె పేరు వచ్చింది, నా పేరు రాలేదు. నేను వకీలుగానే ఉండిపోయాను.

అసూయ అంటే కాస్త గౌరవంగా ఉంటుంది. నాది కుళ్ళు. ఆమె జుట్టు పలచబడిందని ఎవరో అంటే ఆ పూట అన్నం రుచిగా తిన్న మనిషిని నేను.

జడ్జిగా ఏవేవో ఊళ్ళు తిరిగి, బదిలీ మీద ముంబైకే వచ్చింది, అద్దె కేసులు చూసే కోర్టుకు. చాల్‌కు మాత్రం రాలేదు. సర్కారు క్వార్టర్‌లో దిగింది. తల్లిని చూడాలంటే అక్కడికే పిలిపించుకునేది. బతుకమ్మకు రాదు, పెళ్ళికి రాదు. "కొమ్ములొచ్చినయి" అని గల్లీలో అంటుంటే నాకు చెవుల పండుగ. నిజానికి ఎందుకు రాదో నాకు బాగా తెలుసు. రేపు ఎవరి కేసు తన ముందుకు వస్తుందో తెలియని మనిషి అందరి ఇళ్ళలో విస్తరేసుకుని కూర్చోలేదు. అలా ఎవరికీ అందకుండా బతకడం కూడా ఆమెకే దక్కాలా అని ఏడ్చేదాన్ని. నన్నేమో పొద్దున పాల ప్యాకెట్ కోసం దిగితే నలుగురు ఆపుతారు, నోటీసు చదివిపెట్టమని.

ఇంతలో మా చాల్ కూల్చి కొత్త బిల్డింగ్ కడతామన్నారు. కిరాయి హక్కు ఎవరిదైతే వాళ్ళకే కొత్త ఇల్లు. మా ఖోలీ తాత పేరు మీద ఉండేది. తాత పోయాక ఆ హక్కు ఎవరిది? కోడలిగా వచ్చి, నాన్న పోయాక కూడా అందులోనే ఉంటున్న మా అమ్మదా? పక్కనే ఉన్న నాగ్‌పాడాలో మోటార్లు రిపేరు చేసుకుంటూ వేరే కాపురం ఉన్న మా చిన్నాయనదా? అది పోతే అమ్మకు ఈ నగరంలో సొంత గడప లేదు.

ముందు మా కులపెద్దలు కూర్చున్నారు. మావాళ్ళు వాళ్ళను పంచ్ అంటారు. పంచ్‌కు మా దగ్గర ఒక పద్ధతి ఉంది. తీర్పు చెప్పేముందు ఇద్దరి ఇళ్ళలోనూ చాయ్ తాగాలి. ఒకరి ఇంట్లో తాగి రెండో ఇంటికి వెళ్ళకపోతే ఆ తీర్పు ఎవరూ ఒప్పుకోరు. పెద్దలు మా ఇంట్లో తాగారు, చిన్నాయన ఇంట్లో తాగారు, ఎవరినీ నొప్పించలేక "కోర్టుకు పొండి" అని లేచిపోయారు.

కోర్టులో ఏ కేసు ఏ జడ్జికి పోవాలో మనం ఎంచుకోలేం. పెద్ద జడ్జి పని పంచుతారు, దాన్ని బట్టి పోతుంది. పోయి పోయి మా కేసు ఆమె దగ్గరే పడింది. "మన పిల్లనే గదా" అని అమ్మ ముఖం వెలిగింది. నాకు ఒళ్ళు మండింది. తెలిసినవాళ్ళ కేసు జడ్జి వదిలేయాలి. వదులుతుందా, చాల్‌వాళ్ళ ముందు దర్జా చూపించడానికి ఉంచుకుంటుందా? ఉంచుకుంటే బాగుండునని, ఆమెలో ఒక తప్పు నా కళ్ళతో చూడాలని ఎంత ఆశపడ్డానో.

అమ్మ తరఫున వేరే వకీలును పెట్టి నేను వెనక బెంచీలో కూర్చున్నాను. మా కేసు పిలిచారు. ఆమె ఫైలు మీంచి తలెత్తి అమ్మను చూసింది. నవ్వలేదు. ఇరుపక్షాలూ తాను పెరిగిన చాల్ వాళ్ళేనని, పైగా రెండు వైపుల నుంచీ తన తల్లి ఇంటికి తినుబండారాలు వచ్చాయని, వాటిని తిప్పి పంపించానని, ఈ కేసు తాను వినకూడదని మరాఠీలో అందరికీ వినపడేలా చెప్పింది. వేరే జడ్జికి ఇమ్మని పెద్ద జడ్జికి రాయించింది.

నేను బిత్తరపోయాను. బయటికి రాగానే అమ్మను పట్టుకున్నాను.

"ఏం పంపినవమ్మా?"

"సకినాలు. నేనొక్కదాన్నే పంపితె తప్పయితదని మీ చిన్నాయనకు సుత ఫోన్ జేసిన. ఆయన మిఠాయి పంపిండు."

చిన్నాయన పక్కనే నిలబడి ఉన్నాడు. "వదినె చెప్తెనే పంపిన" అన్నాడు. ఇంటి కోసం కొట్లాడుతున్న ఇద్దరూ ఈ ఒక్క విషయంలో ఒకటయ్యారు.

"రెండిండ్లయి గదా బిడ్డా. ఇంక తప్పేంది?" అంది అమ్మ.

పంచ్ మన మధ్య బతికే మనిషి, తప్పు చెబితే రేపు గల్లీలో నిలదీయొచ్చు, జడ్జిని అలా నిలదీయలేం కాబట్టి జడ్జి ఎవరి ఇంటిదీ ముట్టకూడదు అని చెప్పాను. అమ్మ విన్నది కానీ ఆమెకు నచ్చలేదు.

బస్సెక్కి ఇంటిదారి పట్టాం. కొత్త జడ్జి ఎవరో, ఆయన ముఖం ఎలా ఉంటుందో అని అమ్మకు దిగులు. నాకేమో ఆ పిల్ల చూపే కళ్ళ ముందు ఆడుతోంది. చిన్నప్పుడు మా అమ్మ చేతి ముద్ద తిన్న పిల్ల. అమ్మ ముఖంలోకి సూటిగా చూసి కాదనగలిగింది. కుర్చీ దొరికినందుకు ఆమె మీద ఏడవడం తేలిక. దీనికి ఏడవడం చాలా కష్టంగా ఉంది.

అమ్మ నా వైపు తిరిగింది.

"ఆ కుర్చీల నువ్వుంటే ఇల్లు నాకే ఇస్తుంటివి గదా?"

"నీకే ఇస్తుంటినమ్మా" అన్నాను. ఆలోచించాల్సిన అవసరం కూడా రాలేదు.

అమ్మ తృప్తిగా నా చెయ్యి పట్టుకుంది. "అదీ నా బిడ్డంటె" అంది. నేను కిటికీ వైపు ముఖం తిప్పుకున్నాను.