మరిది వైపు కొమ్మలు

కండక్టరమ్మ కోపం ఆ రూటు బస్సెక్కే వాళ్లందరికీ తెలుసు. చిల్లర లేదని దబాయించిన పెద్దమనిషిని నడిరోడ్డు మీద దించేసి, "నడిస్తే ఒంటికి మంచిది" అని విజిలేసిన మనిషి ఆమె. ఒక మాట మనసులో పెట్టుకుందంటే ఏళ్లు గడిచినా వదలదు. కట్టుకున్నవాడు బతికున్నప్పుడు ఆయనకీ ఆ సంగతి బాగా తెలుసు.

ఆయన తమ్ముడికి మాత్రం తెలిసినట్టు లేదు. ఆమె డ్యూటీలో ఉండగా పక్కింట్లోనే ఉండే ఆ మరిది ప్రహరీకి పునాది తవ్వించాడు. సాయంత్రం ఇంటికొచ్చి చూస్తే, పెరట్లో నేరేడు చెట్టుకి అటువైపు వేళ్లన్నీ గొడ్డలితో నరికి ఉన్నాయి.

"నా స్థలంలోకి వచ్చినవే కొట్టించాను వదినా. రాలిన పళ్లతో నా గచ్చంతా మరకలు," అన్నాడు మరిది, నిమ్మకు నీరెత్తినట్టు.

నిజం చెప్పాలంటే ఆ చెట్టంటే ఆమెకు అంతకుముందు పెద్ద ప్రేమేమీ లేదు. ఆకులు ఊడ్వలేక తనే దాన్ని తిట్టిపోసేది. వాడు నరికాడు కాబట్టి అది కన్నబిడ్డయి కూర్చుంది. చెట్టు బతకాలి, వాడి గచ్చు మళ్లీ ఊదారంగుకి తిరగాలి. ఆమెకు ఇంకో కోరిక లేదు.

మొక్కల నర్సరీ నడిపే తన సొంత తమ్ముణ్ణి పిలిపించింది. అతను చీలికలైన వేళ్ల కొసల్ని రంపంతో నున్నగా కోసి, లేస్తున్న గోడకి ఇవతల గోతిని మెత్తటి మట్టితో పూడ్చి, మానుకి తగలకుండా చుట్టూ ఎండాకులు పరిచాడు. ఎరువు వేద్దామని ఆమె తొందరపడింది.

"జ్వరమొచ్చిన వాడికి విందు పెడతావా అక్కా? నీళ్లు చాలు. నెమ్మదిగా, లోపలికి దిగేలా పెట్టు."

డ్యూటీ దిగి, యూనిఫాం అయినా విప్పకుండా, సన్నధారగా పైపు పెట్టి గోడవైపు తిరిగి కూర్చునేది. "తాగవే తల్లీ. నిన్ను చంపబోయినవాడి కళ్లముందే కాయాలి నువ్వు," అనేది, అవతలికి వినబడేలా.

అయినా మరిది వైపు కొమ్మలు పసుపెక్కి ఎండడం మొదలుపెట్టాయి. వాటిని తీసేయకపోతే చెట్టుకే మోసం అన్నాడు తమ్ముడు.

"వాడి మీదికి వంగిన కొమ్మలా? వాటికోసమే కదరా నా పాట్లన్నీ."

రేపు మాపు అని జరిపింది. పసుపు తన వైపు ఆకులకీ పాకాక, పళ్లు బిగబట్టి సరేనంది. కొమ్మలు కొట్టేటప్పుడు మరిది కుర్చీ వేసుక్కూర్చుని చూశాడు.

"ఈ పనేదో ముందే చేసుంటే నాకు శ్రమ తప్పేది కదా వదినా," అన్నాడు.

పుండు మీద కారం చల్లినట్టయింది.

ఎండాకాలం వచ్చింది. నీడ పోయిన మరిది ఇంట్లో గోడలు పెనంలా కాలాయి. గచ్చు మీద కాలు పెట్టే వీల్లేదు, ఫ్యానేస్తే వడగాలి. ఒక సాయంత్రం గోడ దగ్గరికొచ్చి నిలబడ్డాడు.

"పిల్లలు అల్లాడిపోతున్నారు వదినా. ఒక్క కొమ్మ ఇటు రానివ్వు. మరకలైతే నేనే కడుక్కుంటాను."

ఇంత తియ్యటి రోజు వస్తుందని ఆమె కలలో కూడా అనుకోలేదు. "చూద్దాంలే," అంది.

వానలు పడ్డాక తమ్ముడు వచ్చి చూశాడు. కొట్టేసిన వైపు మాను మీద ఎర్రటి చిగురు.

"కింద కొత్త వేళ్లు పట్టాయక్కా. చెట్టు గట్టెక్కింది. ఆ చిగురు జోలికి మాత్రం పోకు. ఆ వేళ్లకి తిండి పెట్టేది అదే."

ఇన్నాళ్లూ ఎదురుచూసింది దానికోసమే. ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. లేత ఆకుల్ని వేలితో నిమిరింది. అప్పుడే గోడ పైనుంచి మరిది మొహం కనబడింది. ఈసారి వెటకారం లేదు, నిజంగానే సంతోషపడుతున్నాడు.

"బతికింది కదా వదినా," అన్నాడు.

ఆ సంతోషమే ఆమె చూడలేకపోయింది. చిగురు తుంచి గోడ అవతలికి విసిరింది.

"ఇదిగో, నీ నీడ."

మరిది లోపలికి వెళ్లిపోయాడు. తమ్ముడు రంపం సంచిలో పెట్టుకున్నాడు.

"వాడు గొడ్డలితో చేసిన పని నువ్వు గోటితో చేశావక్కా," అన్నాడు.

ఆమె పైపు తీసుకెళ్లి చెట్టు మొదట్లో పెట్టింది. దాని వంక చూడడానికి సిగ్గేసింది. మరిది మీద మాత్రం ఇంకా జాలి పుట్టలేదు.