మా అత్త పక్కచూపులు

మా అత్త దేన్నీ ఎదురుగా నిలబడి చూడదు. ఆమెకున్న ఒకే ఒక్క జబ్బు ఇది. మిగతా జబ్బులు ఆమె దగ్గరికి రావడానికే భయపడతాయి. వస్తువైనా, ఇల్లయినా, మనిషైనా సరే, మామూలు మనుషులెవరూ నిలబడని మూల ఒకటి వెతుక్కుని అక్కడికి వెళ్ళి, మెడ వంచి, ఒక కన్ను చికిలించి చూస్తుంది. "ఎదురుగా చూస్తే అన్నీ బాగానే ఉంటాయిరా" అంటుంది. ఎందుకలా అని అడిగితే "నా ఇష్టం" అంటుంది. అక్కడితో ఆ సంభాషణకి తలుపులు మూసుకుపోతాయి.

ఒకసారి సినిమాకి వెళ్ళాం. మధ్య వరసలన్నీ ఖాళీ. అత్త మాత్రం గోడనానుకుని ఉన్న చివరి సీటు ఏరి కోరి తీసుకుంది. ఇంటర్వెల్‌లో తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళింది.

"మీ హీరోకి ఒకటే చెవా?"

"అదేంటమ్మా?"

"నా సీట్లోంచి ఒకటే కనిపిస్తోంది. రండి, మీరే చూద్దురు గాని."

పాపం ఆయన మర్యాదస్తుడు, వచ్చి కూర్చున్నాడు. లేవబోయినప్పుడల్లా "డబ్బు పెట్టి కొన్నవాళ్ళం కూర్చోలేదూ?" అని భుజం నొక్కి కూర్చోబెట్టేసింది. సినిమా అయ్యేసరికి ఆయన మెడ ఒక పక్కకి తిరిగి, అలాగే ఉండిపోయింది. మళ్ళీ మేం వెళ్ళేసరికి ఆ మూల సీట్లు పీకేసి ఉన్నాయి.

అత్త సర్వీసంతా సిటీ బస్సులో కండక్టరు. కొత్త బస్సు వచ్చినప్పుడల్లా డిపోలో అందరూ ముందు నిలబడి ఫోటో దిగేవాళ్ళట. అత్త మాత్రం వెనక చక్రం మీది సీట్లో కూర్చుని, "నడపండి" అనేదట. ఆ సీటు బాగుండకపోతే బస్సు కదలనిచ్చేది కాదు. ఒకసారి పై అధికారి ఒకాయన ఒంటికాలి మీద లేచాడు.

"సీటుకేమైంది? బాగానే ఉందిగా!"

"నిలబడి చెబుతున్నారు సార్. కూర్చుని చెప్పండి."

ఆయన్ని ఆ సీట్లో కూర్చోబెట్టి ఊరంతా ఒక చుట్టు తిప్పించింది. దిగాక ఆయన అత్త చేతిలో రెండు కాగితాలు పెట్టాడు. ఒకటి సీటు మార్చమని. రెండోది అత్త మీద మెమో. అత్త రెంటినీ ఒకే మొహంతో తీసుకుంది.

నేను ఇంజినీరింగు సగంలో మానేసినప్పుడు మా వాళ్ళంతా నా ఎదురుగా అర్ధచంద్రాకారంలో కుర్చీలేసుకుని కూర్చున్నారు. ఒక్కొక్కరూ ఒక్కో భవిష్యత్తు చెప్పారు. అన్నిట్లోనూ నేను నాశనమైపోయాను. అత్త ఆలస్యంగా వచ్చింది. అటు కూర్చోలేదు. నా పక్కన, మంచం అంచు మీద కూర్చుని, వాళ్ళందరినీ కాసేపు చూసింది.

"ఇక్కణ్ణుంచి చూస్తే మీరే భయంకరంగా ఉన్నారు" అంది. "లేరా, మా ఇంటికి పద."

అలా వాళ్ళింటికి వచ్చిపడ్డాను. ఫోన్లు రిపేరు చేసే షాపులో పనికి కుదిరాను. అత్త నన్ను 'సగం ఇంజినీరూ' అని పిలుస్తుంది. బయటివాళ్ళు అలా పిలిస్తే మాత్రం ఊరుకోదు.

ఇంతలో వాళ్ళ పాత టీవీ పోయింది. బొమ్మ పోయాక కూడా మామయ్య కొన్నాళ్ళు దాన్ని రేడియోలా విన్నాడు. ఆయన నీళ్ళ ఆఫీసులో గుమాస్తా. గొంతు పెంచడం చేతకాని మనిషి. అలాంటివాడు ఓ రాత్రి భోజనాల దగ్గర చెయ్యి కడుక్కుని వచ్చి, ప్రకటన చేశాడు.

"ఆదివారం ఫైనల్ మ్యాచ్. ఈలోపు కొత్త టీవీ రావాలి. ఉన్న డబ్బుకి ఎంత పెద్దదొస్తే అంత. ఇంట్లో తెరల సంగతి తెలిసినవాడున్నాడు. వాడు ఏది చెబితే అదే."

వాడంటే నేనే. కాలేజీ మానేశాక మా వంశంలో నా మాట మీద ఏదైనా జరగబోవడం అదే మొదటిసారి. మా నాన్నకి ఫోన్ చేసి మరీ చెప్పాను. "టీవీయేగా" అన్నాడాయన. టీవీయే. అయినా సరే, ఆ టీవీ నేను చెప్పిందే కావాలి. నా పట్టుదలంతా అక్కడే ఉంది.

అందుకే వెళ్ళేముందు అత్తకి పాఠం చెప్పాను. తెరలు రెండు రకాలు. ఒక రకం ఎదురుగా కూర్చుని చూస్తే అద్భుతం, నలుపు నల్లగా ఉంటుంది. పక్కకి జరిగితే మాత్రం బొమ్మ ఉతికి ఉతికి వెలిసిన చొక్కాలా అయిపోతుంది. రెండో రకంలో నలుపు కొంచెం బూడిద రంగు కొడుతుంది, కానీ ఏ మూల నుంచి చూసినా మనిషి మొహం మనిషి మొహంలాగే ఉంటుంది. మా డబ్బుకి మొదటి రకంలో గోడంత టీవీ వస్తుంది, రెండో రకంలో కిటికీ రెక్కంత.

"మన సోఫా ఎదురుగానే కదా ఉంది అత్తా! కళ్ళు మూసుకుని మొదటిది కొనెయ్యొచ్చు."

"కళ్ళు మూసుకునేదానికి టీవీ ఎందుకురా?" అంది అత్త, చెప్పులు వేసుకుంటూ.

షాపులో గోడనిండా టీవీలు. అన్నిట్లోనూ ఒకే బొమ్మ: రంగురంగుల చిలకలు, ఆపైన తేనె ధార, మళ్ళీ చిలకలు. టై కట్టుకున్న సేల్స్‌మన్ మమ్మల్ని పెద్ద టీవీ ఎదురుగా, నేల మీద గుర్తు గీసి ఉన్న చోట నిలబెట్టబోయాడు. అత్త ఆ గుర్తు వైపు చూసి, దాని మీద కాలు కూడా పడకుండా చుట్టూ తిరిగి, గోడకి చెంప ఆనించి నిలబడింది.

"మేడమ్, ఇక్కణ్ణుంచి చూడండి."

"అక్కడ నువ్వున్నావుగా, నువ్వు చూడు. చిలకలు ఆపు. వార్తలు పెట్టు."

"ఇది ఫోర్ కే మేడమ్!"

"ఎన్ని కేలైతే నాకెందుకు? ఇక్కణ్ణుంచి ఆ వార్తలమ్మాయికి కామెర్లొచ్చినట్టుంది."

నేను తలపట్టుకున్నాను. "ఎవరు కూర్చుంటారత్తా గోడకానుకుని?"

"నా ఇష్టం."

తర్వాత నేల మీద చతికిలబడి చూసింది. స్తంభం వెనక నుంచి చూసింది. షాపు లైట్లన్నీ వేయించి చూసింది. తలుపు బార్లా తెరిపించి, ఎండ తెర మీద పడేట్టు చేసి చూసింది. సేల్స్‌మన్ టై వదులు చేసుకున్నాడు. అప్పుడు అత్త ఉన్నట్టుండి బయటికి నడిచింది. హమ్మయ్య, అలిగి వెళ్ళిపోతోందనుకుని అతను నావైపు చూసి నవ్వాడు. కాదు. రోడ్డు దాటింది. ఎదురుగా ఉన్న చెప్పుల షాపులోకి వెళ్ళి, జోళ్ళు వేసుకుని చూసుకునే స్టూలు మీద కూర్చుంది. నా ఫోను మోగింది.

"ఒరేయ్, ఆ చిన్న టీవీని కొంచెం ఎడమకి తిప్పమను."

"అత్తా, అక్కణ్ణుంచి టీవీ ఎవరు చూస్తారు?"

"ఇప్పుడు నేను చూస్తున్నానుగా! క్రికెట్ పెట్టమను. ఆఁ... స్కోరు కనబడుతోంది. పెద్దదాంట్లో పెట్టు... ఛీ, సున్నం కొట్టినట్టుంది. సౌండు పెంచు. ఇంకా పెంచమను!"

సౌండు పెంచారు. దారిన పోయేవాళ్ళు ఆగి స్కోరు అడిగారు. చెప్పుల షాపు ఓనరు వచ్చి, "అమ్మగారూ, ఏమైనా కొంటారా?" అని అడగడం ఫోన్లో వినిపించింది. "టీవీ కొంటున్నాను" అంది అత్త.

తిరిగొచ్చి చిన్న టీవీ మీద చెయ్యి వేసింది. "ఇది కట్టు. గోడకి బిగించే స్టాండు అటూ ఇటూ తిరిగేది ఇవ్వు."

"మేడమ్, అదే డబ్బుకి పెద్దది..."

"పెద్దది మీ ఇంట్లో పెట్టుకో బాబూ."

నాకు ఒళ్ళు మండింది. "నా మాట వినేదానివి కానప్పుడు నన్నెందుకు తీసుకొచ్చావు?"

"పెట్టె మొయ్యడానికి" అంది.

మోశాను. ఇంటికొచ్చేసరికి మామయ్య గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. పెట్టె చూసి నా వెనక వెతికాడు.

"మిగతాది ఏదిరా?"

"ఇంతే మామయ్యా."

"ఇది టీవీయా, టీవీ పిల్లా?"

"మీ ఆవిడనడుగు. నా మాట ఈ ఇంట్లో కూడా చెల్లదని తేలిపోయింది."

ఆయన అత్తవైపు చూశాడు. అత్త వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు చప్పుడు చేసింది. ఆ చప్పుడుకి అర్థం ఏమిటో ఇంట్లో అందరికీ తెలుసు.

అసలు గొడవ ఆదివారం పొద్దున, బిగించేవాడు డ్రిల్లింగు మిషనుతో వచ్చాక మొదలైంది. సోఫాకి ఎదురుగా నున్నటి ఖాళీ గోడ ఉంది. అత్త అప్పటికే అటు మూలనున్న ఇరుకు గోడ మీద పెన్సిలుతో గీత గీసి పెట్టింది.

"ఇక్కడ."

"అక్కడ పెడితే సోఫాలో కూర్చున్నవాళ్ళు మెడ విరుచుకోవాలి!" అన్నాడు మామయ్య.

"నా ఇష్టం."

ఆయన గొంతు పెంచడం మొదటిసారి విన్నాను. "పిల్ల టీవీ తెస్తే ఊరుకున్నాను. గోడ విషయంలో ఊరుకోను. ఈ ఇంట్లో నాకూ ఒక గోడ ఉంది!"

"ఏ గోడండీ బాబూ, త్వరగా చెప్పండి, ఇంకో ఇంటికెళ్ళాలి" అన్నాడు బిగించేవాడు.

మామయ్య నావైపు తిరిగాడు. "నువ్వు చెప్పరా. తెరల సంగతి తెలిసినవాడివి. నువ్వు ఏ గోడంటే ఆ గోడ."

అత్త పెన్సిలు గీత పక్కన, గోడకి వీపు ఆనించి, చేతులు కట్టుకుని నిలబడింది.

నా రోజు వచ్చింది. ఎదురు గోడ అని నోరు తెరవబోతూ, అసలు ఈవిడకి ఆ గోడ మీద ఇంత మోజేమిటా అని ఆ గీత దగ్గరికి వెళ్ళి నిలబడ్డాను. అక్కణ్ణుంచి సోఫా ఏటవాలుగా కనిపించింది. దానికన్నా బాగా, తెరిచి ఉన్న మా కిటికీ కనిపించింది. సన్నటి సందు దాటితే ఎదురింటి కిటికీ. ఆ కిటికీలో చక్రాల కుర్చీలో డ్రైవరు.

అత్త కండక్టరుగా ఉన్న బస్సు నడిపిన డ్రైవరే ఆయన. సర్వీసంతా ఇద్దరూ పోట్లాడుకుంటూనే ఊరు తిప్పారు. పక్షవాతం వచ్చాక ఒక పక్క పడిపోయింది. కూతురు పనికి వెళ్తే పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఆ కిటికీయే ఆయనకి లోకం. వాళ్ళింట్లో టీవీ లేదు. తను కొనిస్తానని అత్త ఒకసారి వెళ్తే, "దానాలు నా గుమ్మం దాటి రావు కండక్టరమ్మా" అని మొహం మీదే చెప్పాడట. అప్పటినుంచి ఇద్దరికీ మాటల్లేవు. ఇప్పుడు కూడా మా ఇంట్లో డ్రిల్లింగు మిషను చూసి, కావాలనే తల గోడవైపు తిప్పుకుని కూర్చున్నాడు.

సందు వెడల్పు చూశాను. చెప్పుల షాపు గుర్తొచ్చింది. అత్తవైపు చూశాను. "నోరెత్తావంటే చంపుతాను" అన్నట్టు కనుబొమలు పైకెత్తింది.

"చెప్పరా!" అన్నాడు మామయ్య.

"మూల గోడే మామయ్యా" అన్నాను. "ఎదురు గోడకి అవతల బాత్రూమ్. తేమ. తెర లోపల మచ్చలు పడితే వారంటీ రాదు."

బిగించేవాడు ఆశ్చర్యంగా గోడ తడిమి చూడబోయాడు. నేను వాడి కాలు తొక్కాను. "అవునండీ, తేమే" అన్నాడు వాడు.

వారంటీ అన్న మాట వినగానే మామయ్య గాలి తీసిన బెలూనయ్యాడు. "చూశావా?" అన్నాడు అత్తతో. "వాడు కారణం చెప్పాడు. నువ్వు నా ఇష్టం అంటావు. అదీ తేడా!"

"అవును, పెద్ద తేడా" అంది అత్త, నేలచూపులు చూస్తూ.

మ్యాచ్ మొదలైంది. మామయ్య మెడ తిప్పుకుని సణుగుతూ చూస్తున్నాడు. అత్త కిటికీకి వీపు పెట్టి కూర్చుని, "సౌండు పెంచరా, నాకు వినబడట్లేదు" అంది. పిన్ను పడినా వినే మనిషి. పెంచాను. ఎదురు కిటికీలో తల ఇంకా గోడవైపే ఉంది. ఒక ఓవరైంది. రెండయ్యాయి. ఎల్బీడబ్ల్యూ అప్పీలు. అంపైరు వేలు ఎత్తాడు.

"అది ఔటెలాగరా, గుడ్డివెధవా!" సందంతా దద్దరిల్లింది.

అత్త వెనక్కి తిరగలేదు. గాల్లోకి అరిచింది. "నా టీవీ చూడమని ఎవరిని పిలిచాను?"

"నీ టీవీ ఎవడు చూస్తున్నాడు? నా కిటికీలోంచి నేను బయటికి చూస్తున్నాను! అడ్డంగా నువ్వు పెట్టావు!"

"నా ఇల్లు, నా గోడ! ఎక్కడైనా పెడతాను!"

"పెట్టేదేదో సరిగ్గా పెట్టి చావొచ్చుగా! ఎండకి సగం స్కోరు కనబడట్లేదు. కొంచెం ఇటు తిప్పు!"

అత్త దవడ బిగించింది, నవ్వు ఆపుకోవడానికి. "తిప్పరా" అంది నాతో, గొంతు తగ్గించి.

నేను లేచి స్టాండు తిప్పాను. సర్వీసంతా ఆ డ్రైవరు బస్సు రివర్సు చేస్తుంటే అత్త వెనక నిలబడి కేకలేసేదట. ఇవాళ కేకలు అటునుంచి వచ్చాయి.

"రానీ... రానీ... ఇంకొంచెం రానీ... ఆఁ, ఆపు!"

ఆపాను. ఇప్పుడు సోఫాలోంచి టీవీ అంచు తప్ప ఏమీ కనిపించడం లేదు. మామయ్య టీవీని చూశాడు, కిటికీని చూశాడు, అత్త వీపుని చూశాడు, చివరికి నన్ను చూశాడు.

"తేమా?" అన్నాడు.

"తేమే మామయ్యా."

ఆయన లేచి, కుర్చీ ఒకటి లాక్కుని వెళ్ళి కిటికీ పక్కన వేసుకున్నాడు. కూర్చున్నాడో లేదో అవతలినుంచి కేక వచ్చింది.

"గుమాస్తాగారూ, తల!"

మామయ్య మారుమాట్లాడకుండా తల వంచుకున్నాడు.