లేపి కట్టిన చెరుకు

పదవీ విరమణకు ఇంకా మూడేళ్లుందనగా నన్ను జక్రాన్‌పల్లి నుంచి బోధన్ డివిజన్‌లోని ఒక మండలానికి వ్యవసాయాధికారిగా బదిలీ చేశారు. జూన్‌లో చేరాను. ఆరేళ్లు పసుపు రైతుల మధ్య గడిపినా చెరుకు నాకు కొత్తేం కాదు. ఉద్యోగంలో చేరిన తొలినాళ్లలో ఆ పక్కనే పనిచేశాను. అప్పుడు చక్కెర ఫ్యాక్టరీ నడిచేది. తిరిగి వచ్చేసరికి అది మూతపడి ఏళ్లయింది. చాలామంది వరికి మారిపోయారు. చెరుకును వదల్లేని కొద్దిమంది మాత్రం గడలను లారీలకెత్తి దూరపు ఫ్యాక్టరీకి తోలుతూ నెట్టుకొస్తున్నారు.

మా పని గురించి బయటివాళ్లకు అంతగా తెలియదు. మండల వ్యవసాయాధికారి కింద విస్తరణాధికారులుంటారు. వాళ్లను ఏఈఓలంటాం. ఒక్కొక్కరికి కొన్ని ఊళ్లు. రైతుకు సలహా చెప్పడం మా అసలు పని. వానో వరదో వచ్చినప్పుడు మాత్రం చేతికి ఫారం ఇస్తారు. నిన్నటిదాకా సలహా చెప్పినవాళ్లమే నష్టం లెక్కగట్టేవాళ్లమవుతాం. ఈ రెండు పనులకూ పొసగదని ముప్పై ఏళ్ల సర్వీసులో నాకు ఒక్కసారీ తట్టలేదు.

జులైలో రైతు వేదికలో సమావేశం పెట్టి చెరుకు గురించి మాట్లాడాను. గాలికో వరదకో చెరుకు పడిపోతే చూస్తూ కూర్చోవద్దని, మూడు రోజుల్లో లేపాలని, పక్కపక్క సాళ్ల గడలను దగ్గరికి తెచ్చి వాటి ఎండుటాకులతోనే జడ అల్లినట్టు చుట్టి నిలబెట్టాలని చెప్పాను. నేలకంటుకున్న గడ కణుపు కణుపుకూ వేళ్లేస్తుంది, తీపి పోతుంది. మగవాళ్లు సగంమంది ఫోన్లు చూసుకుంటున్నారు. ముందు వరుసలో ఒక ఆడమనిషి మాత్రం నా నోటినుంచి వచ్చే ప్రతి మాటా వింటోంది. ఎన్నో రోజున కట్టాలో మళ్లీ అడిగి తెలుసుకుంది. పేరు నర్సవ్వ. యాభై ఏళ్లుంటాయి. భర్త పోయాక రెండెకరాల పట్టా ఆమె పేరు మీదికి వచ్చింది. కోడలితో కలిసి తానే సాగు చేసుకుంటోంది.

ఆగస్టు చివర మంజీర పొంగింది. ఒడ్డున ఉన్న ఆ ఊరి చేలల్లో నాలుగు రోజులు నీళ్లు నిలిచి తీశాయి. మొదటి రోజే ఫోన్లోనే ప్రాథమిక అంచనా పంపాం. అది జిల్లాకు అంకె చెప్పడానికే, దాన్నిబట్టి ఎవరికీ ఏమీ రాదు. రైతుకు సాయం అందాలంటే చేను చేనుకూ సర్వే జరగాలి. పట్టాదారు పేరు, సర్వే నంబరు, పంట, విస్తీర్ణం, నష్టం శాతం రాసి, రైతును చేన్లో నిలబెట్టి యాప్‌లో ఫొటో తీయాలి. నష్టం ముప్పై మూడు శాతం దాటితేనే పేరు జాబితాకెక్కుతుంది. దాటకపోతే ముప్పై రెండైనా సున్నాయే. ఆ సర్వేకు ఉత్తర్వులు వచ్చి మేం ఊళ్లోకి వెళ్లేసరికి నీళ్లు తీసి తొమ్మిది రోజులైంది.

ముందు గంగారాం చేను చూశాం. నర్సవ్వ చేనుకు ఆనుకునే ఉంటుంది. చెరుకంతా పడుకుని ఉంది. కూలీలు దొరకలేదని, తాను ముట్టుకోలేదని చెప్పాడు. ఏఈఓ సునీత అరవై శాతం రాసింది. ఫొటో చూస్తే ఎవరికైనా అరవై అనే అనిపిస్తుంది.

గట్టు దాటగానే నర్సవ్వ చేను. రెండెకరాల చెరుకూ నిలబడి ఉంది, ఒక్క సాలు వంకర లేదు. మేం వస్తున్నామని తెలిసి ఉతికిన చీర కట్టుకుని గట్టు మీద నిలబడింది.

"సూడుండ్రి సారు, మీరు చెప్పినట్టే కట్టిన. మూడొద్దులు నేను, కోడలు ఇంటికి వోలేదు," అంది.

చెరుకాకు కోసుకుపోయి ఆమె మోచేతుల దాకా గీతలే. నాకు నిజంగా సంతోషమేసింది. మంచి పని చేశావక్కా అన్నాను. ఆ మాటన్న నోరు మూయకముందే చేతిలో ఫారం గుర్తొచ్చింది.

ఒక గడ కోసి నిలువునా చీల్చి చూశాను. మొదలు దగ్గర సన్నటి ఎర్ర చార ఉంది. నాలుగు రోజులు నీళ్లలో నానిన చెరుకులో అది ఎర్రకుళ్లు తెగులుకు గుర్తని నాకు తెలుసు. కానీ కచ్చితంగా అదే అవుతుందని చెప్పలేం, కొన్నిసార్లు తేరుకుంటుంది కూడా. పైగా రాయాల్సింది సర్వే రోజున కంటికి కనబడే నష్టం.

సునీత నన్ను పక్కకు పిలిచి, "సార్, ముప్పై ఐదు రాద్దామా?" అని మెల్లగా అడిగింది.

మా లెక్కలను పైఅధికారులు కొన్నిచోట్ల మళ్లీ తనిఖీ చేస్తారు. దాన్ని సూపర్ చెక్ అంటారు. అంతకుముందు నాతో పనిచేసిన ఒకాయన అలాంటి తనిఖీలో దొరికి సస్పెండయ్యాడు. అది మనసులో పెట్టుకుని, ఫొటోలో ఏం కనబడుతుందో అదే రాయమన్నాను. ఇరవై ఐదు రాసింది. నర్సవ్వ కట్టిన చెరుకు మధ్య నిటారుగా నిలబడి ఫొటో దిగింది. మేం ఆమె కష్టాన్ని రాసుకుంటున్నామని అనుకుంది.

జాబితా పంచాయతీ ఆఫీసు గోడకంటించాం. అభ్యంతరాలుంటే చెప్పుకోవడానికి గడువిచ్చాం. చేను పచ్చగానే ఉంది కాబట్టి ఆమె రాలేదు. గడువు ముగిశాక జాబితా పైకి పోయింది, యాప్ మూసేశారు.

దీపావళి నాటికి ఆమె చెరుకు మొవ్వులు ఎండడం మొదలైంది. ఎర్రకుళ్లు. నేను వెళ్లి ఒక గడ చీలిస్తే సారా వాసన గుప్పున కొట్టింది. తర్వాత ఫ్యాక్టరీ మనిషి వచ్చి చూసి, నరకడానికి పర్మిట్ ఇవ్వనన్నాడు. మళ్లీ అంచనా వేయడానికి అనుమతి కోరుతూ నేను జిల్లాకు రాశాను. ముగిసిన సర్వేను తిరిగి తెరిచే వీలు లేదని రెండు వాక్యాల్లో జవాబొచ్చింది.

ఆ కాగితం పట్టుకుని నేనే ఆమె ఇంటికి వెళ్లాను. చదివి వినిపించాను. కోడలు లోపలికి వెళ్లిపోయింది. నర్సవ్వ ఏడవలేదు, నన్ను తిట్టలేదు.

"నేను కట్టకుంటె నా పేరు గూడ వస్తుండె గద సారు?" అంది.

అవునన్నాను.

"మరి ఈసారి పడితె కట్టాల్నా, వద్దా? గదొక్కటి చెప్పుండ్రి."

చూస్తానక్కా అని ఏదో నీళ్లు నమిలి బయటపడ్డాను. సిగ్గుతో ఆ వీధి చివరిదాకా తలెత్తలేదు.

నర్సవ్వ ఎండిన చెరుకును చేన్లోనే తగలబెట్టింది. కొత్త విత్తనానికి, దున్నకానికి చేతిలో ఏమీ లేక రెండెకరాలూ గంగారాంకు కౌలుకిచ్చింది. అతను అందులో మళ్లీ చెరుకే వేశాడు. అత్తాకోడళ్లిద్దరూ అదే చేన్లో అతని దగ్గర కూలికి పోయేవాళ్లు.

మరుసటేడు మళ్లీ నీళ్లొచ్చాయి, అంత పెద్దగా కాదు. ఒక్క పూట నిలిచి తీశాయి. ఈసారి నేను పంచాయతీ మైకులో చెప్పించాను, సర్వే అయ్యేదాకా పడ్డ పంటను ఎవరూ ముట్టుకోవద్దని. మేం వెళ్లింది పదో రోజున. మూడు రోజుల్లో లేపి ఉంటే బతికే చెరుకు, కణుపు కణుపుకూ వేళ్లేసి నేలనంటుకుని ఉంది. గట్టు మీద కూలీల మధ్య నర్సవ్వ చేతులు ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఎవ్వరం ముట్టలేదు సారు," అంది.

ఆ ఊళ్లో ఆ ఏడు అందరి పేర్లూ జాబితాకెక్కాయి. వచ్చిన సాయం పోయిన పంటలో ఏ మూలకూ రాలేదు. కౌలుకిచ్చిన చేనైనా పట్టా ఆమెదే కాబట్టి నర్సవ్వ పేరూ ఉంది. అది తాను వేసిన పంట కాదని ఆ డబ్బు తీసుకెళ్లి గంగారాంకు ఇచ్చేసింది.

పడ్డ చెరుకును మూడు రోజుల్లో లేపాలన్నది పంట నియమం. సర్వేకు వారం పైనే పడుతుందన్నది ఆఫీసు నియమం. రెండూ తెలిసినవాడు రెండింటినీ ఒకేసారి రైతు ముందు పెట్టి, ఏది పోగొట్టుకోవాలో అతన్నే తేల్చుకోనివ్వాలి. నేను మొదటి ఏడు ఒకటి చెప్పాను, రెండో ఏడు ఇంకొకటి చెప్పాను. రెండుసార్లూ నర్సవ్వ నా మాట విన్నది.