ఎసెన్‌కుల్ తలుపు పక్కన కూర్చోవడం గురించి

మా ఊరు సారీ-కెచు చరిత్ర రాయదలిచినవాళ్లు మూడు ఘట్టాలను వదిలిపెట్టడానికి వీల్లేదు. ఒకటి, నది దారి మార్చుకోవడం. రెండు, ఊరికి కరెంటు రావడం. మూడు, ఎసెన్‌కుల్ తలుపు పక్కన కూర్చోవడం. మొదటి రెండింటి విషయంలో పండితులకు పేచీ లేదు. గొడవంతా మూడోదాని మీదే.

మా ఇళ్లలో విందు జరిగితే తలుపుకు ఎదురుగా, గది ఆ చివర ఉండే చోటును తోర్ అంటాం. పెద్దలూ అతిథులూ కూర్చునేది అక్కడ. వయసూ హోదా తగ్గేకొద్దీ మనిషి తలుపు వైపు జరుగుతూ వస్తాడు. గడప పక్కన మిగిలేది టీ పోసే కోడలూ, నిన్నమొన్న పెళ్లయిన అల్లుడూ. ఎసెన్‌కుల్‌కు యాభై ఆరేళ్లు. మనవలున్నారు. కుర్రతనంలో ఆఫ్ఘన్ యుద్ధంలో రెండేళ్లు పెట్రోలు ట్యాంకరు నడిపాడు. పెట్టెలో రెండు పతకాలున్నాయి. అలాంటి మనిషి ప్రతి పెళ్లికీ, ప్రతి చావు భోజనానికీ వచ్చి ఆ అల్లుడి పక్కన చతికిలబడతాడు. చతికిలబడతాడన్నది కూడా మర్యాదకు అన్న మాటే. ఐదు నిమిషాలకోసారి లేచి, తలుపు జానెడు తెరిచి బయటికి తొంగిచూసి, మళ్లీ వచ్చి కూర్చుంటాడు. అప్పుడైనా ఒక మోకాలు లేవడానికి సిద్ధంగానే ఉంటుంది.

దీని మీద మూడు సిద్ధాంతాలు పుట్టాయి. చావు తలుపులోంచే వస్తుందని సైనికుడికి తెలుసు కాబట్టి కాపలా కాస్తున్నాడని చరిత్ర మాస్టారు సగిన్ తేల్చాడు. ఇది నరాల జబ్బని మా నర్సు చెప్పి, లాటిన్‌లో ఓ పేరు కూడా పెట్టింది. వినయమని ముల్లా అన్నాడు. తర్వాత ముగ్గురూ ఓ సాయంత్రం టీ తాగుతూ రాజీకి వచ్చి, ఏదైతేనేం, యుద్ధమే కారణమని తీర్మానించారు. అతని భార్య ఉర్కుయాను మాత్రం ఎవరూ అడగలేదు. పరిశోధనలో భార్యలను అడిగే పద్ధతి మా ఊళ్లో లేదు.

ఎసెన్‌కుల్ అసలు విందుల్లోనే కాదు, ఎక్కడా నిలకడగా ఉండే మనిషి కాదు. ఈ కథ జరిగిన ఏడాది చలికాలంలో అది మరీ ముదిరింది. దానికి కారణం మాత్రం ఊరందరికీ తెలుసు. ఊరంతా ఆపా అని పిలుచుకునే పెద్దావిడ సుయుమ్‌కాన్ కళ్లు.

ఆపా కొడుకు జోల్చు, ఎసెన్‌కుల్ ఒకే ట్యాంకరు నడిపారు. ఒకడు స్టీరింగు పడితే ఒకడు నిద్రపోయేవాడు. కనుమ సొరంగంలో బండి అంటుకున్నప్పుడు మెలకువగా ఉన్నది జోల్చు. నిద్రపోతున్నవాణ్ణి కాలరు పట్టి బయటికి ఈడ్చాడు. ఆ లోపల తను మింగిన పొగ ఏడాదిన్నర తర్వాత, ఇంట్లో, తల్లి ఒడిలో అతన్ని చంపింది. ఇక్కడే చిక్కు వచ్చింది. యుద్ధంలో చావలేదు కనుక జోల్చు అమరవీరుల జాబితాలో లేడు. బతికి లేడు కనుక మాజీ సైనికుల జాబితాలోనూ లేడు. ప్రభుత్వం లెక్కన అతను ఏ యుద్ధానికీ వెళ్లనట్టే.

ఆపాకు ఎనభై దాటాయి. ఒక కన్ను ఎప్పుడో పోయింది, రెండోదానికి నీటికాసులు. వేసవి లోపల ఆపరేషన్ జరగకపోతే మిగిలిన ఆ కాస్త చూపూ పోతుందని, పోయింది మళ్లీ రాదని డాక్టరు చెప్పేశాడు. రాజధానిలో సైనికుల ఆసుపత్రి ఉంది. అమరవీరుల తల్లులకు అక్కడ మంచం దొరుకుతుంది. జిల్లా నుంచి పేర్లు ఫిబ్రవరి ఆఖరుకల్లా వెళ్లాలి. ఆపా పేరు వెళ్లాలంటే ముందు జోల్చు పేరు జాబితాలోకి ఎక్కాలి.

నాలుగేళ్లుగా ఎసెన్‌కుల్ సంక్షేమ కార్యాలయం చుట్టూ తిరుగుతున్నాడు. మాటవరసకు కాదు, నిజంగానే చుట్టూ తిరుగుతాడు. లోపల రెండు నిమిషాలు నిలబడి, ఊపిరాడనట్టు బయటికొచ్చి, భవనం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి, మళ్లీ లోపలికెళ్లి వాక్యం పూర్తిచేస్తాడు. దరఖాస్తు రాస్తే కిటికీ గట్టు మీద కాగితం పెట్టి నిలబడే రాస్తాడు. అధికారి తలాయ్‌బెక్ ముప్పై నాలుగేళ్లవాడు, చెడ్డవాడు కాడు. బైకే అని గౌరవంగా పిలవాల్సిన పెద్దవాణ్ణి నిలబెట్టి తను కూర్చోవడం బాగుండక అతనూ లేచి నిలబడేవాడు. అలా ఇద్దరూ నాలుగేళ్లు నిలబడ్డారు.

ఫిబ్రవరి మొదటి వారంలో జరిగిన సంభాషణను గుమాస్తా ఒకావిడ ఊరంతటికీ అప్పజెప్పింది.

"కూర్చోండి బైకే."

"కూర్చుంటే మర్చిపోతాను. వాడు కాలింది అక్కడ. చచ్చింది ఇక్కడ. మధ్యలో ఉన్నది రైలు టికెట్టే. ఏంటి తేడా?"

"తేడా నేను పెట్టింది కాదు బైకే. ఫారంలో రెండే గళ్లున్నాయి. అక్కడ పోయినవాళ్లు, తిరిగొచ్చి ఉన్నవాళ్లు."

"మూడోది గీయి."

"గీస్తే నా ఉద్యోగం పోతుంది."

"గీయకపోతే ఆవిడ కన్ను పోతుంది. ఉద్యోగం ఇంకోటి దొరుకుతుంది కదరా."

తలాయ్‌బెక్ పైవాళ్లకు రాస్తానన్నాడు. అప్పటికి ఆరుసార్లు రాశాడు. పైవాళ్లు కూడా తమ పైవాళ్లకు రాశారట.

ఫిబ్రవరి పదిహేను వచ్చింది. ఆఫ్ఘన్ యుద్ధం నుంచి సేనలు వెనక్కి వచ్చిన రోజది, ఆ ఏటికి ముప్పై ఏళ్లు. మాజీ సైనికుల సంఘం పెద్ద కసీమ్ తన ఇంట్లో మధ్యాహ్నం విందు పెట్టాడు. గొర్రెను కోశారు. పదకొండు మంది సైనికులు, వాళ్ల ఇంటివాళ్లు, పతకాల పెట్టెతో తలాయ్‌బెక్, అందరూ కలిపి నలభై మంది. వసారాలో నలభై జతల చెప్పులూ బూట్లూ గుట్టలుగా పడ్డాయి. ఆపా కూడా వచ్చింది, అయితే సైనికుడి తల్లిగా కాదు, కసీమ్ పక్కింటావిడగా. ఆడవాళ్ల వరసలో ఓ మూల కూర్చుంది. ఎసెన్‌కుల్ తన చోట తను. ఆ రోజు ఐదు నిమిషాల లెక్క లేదు. తలుపు తెరిచి చూసేవాడు, ఆపా వైపు చూసేవాడు, తలాయ్‌బెక్ వైపు చూసేవాడు, మళ్లీ తలుపు. చలిగాలి కొడుతోందని పక్కనున్న కొత్త అల్లుడు గొణిగాడు గాని, అల్లుళ్ల గొణుగుడు ఎవరు వింటారు.

తలాయ్‌బెక్ ప్రసంగించాడు. మాతృభూమి ఎవరినీ మరవదన్నాడు. ఎవరినీ అన్న మాటను రెండుసార్లు చదివాడని ముందు వరసలోవాళ్లు చెప్పారు.

తర్వాత మాంసం వచ్చింది. ఎవరికి ఏ ఎముక అన్నది మాకు రాజ్యాంగంలాంటిది. తుంటి ఎముక రావలసినచోట పక్కటెముక వచ్చిందని కసీమ్ బావమరిది ఎనభై ఎనిమిదో సంవత్సరం నుంచి అతనితో మాట్లాడటం లేదు. గొర్రె తలకాయ అన్నిటికంటే పెద్ద గౌరవం. దాన్ని అందుకున్నవాళ్లే విందు చివర దీవెన పలకాలి. యుద్ధం తాలూకు విందు కాబట్టి ఆ రోజు తల అధికారికి కాకుండా రెండు పతకాల ఎసెన్‌కుల్‌కు దక్కాలని కసీమ్ నిర్ణయించాడు. నిర్ణయం బాగుంది గాని పళ్లెం గది నడుమ ఆగిపోయింది. తలకాయ గడప దగ్గరికి పోవడమంటే తాతముత్తాతలను వీధిలో నిలబెట్టినట్టే.

"మనిషి తల దగ్గరికి రావాలి గాని, తల మనిషి దగ్గరికి పోదు," అన్నాడు కసీమ్. "ఈ ఒక్కరోజుకు పైకి రా."

"ఇక్కడ బానే ఉంది."

"నీకు బావుంటుంది. మాకు షోర్పా చల్లారిపోతోంది."

పులుసు మీద కొవ్వు గడ్డకడుతోంది. నలభై మంది ఎసెన్‌కుల్‌ను చూస్తున్నారు. అతను తలుపును చూస్తున్నాడు. ఇంతలో ఏమనుకున్నాడో, ఆ తలకాయ తనదేనా అని అడిగాడు. నీదే అన్నాడు కసీమ్. నాదైతే ఎవరికి ఇచ్చుకున్నా నా ఇష్టమే కదా అన్నాడు. ఎసెన్‌కుల్ లేచి, పళ్లెం తీసుకుని, గదికి అడ్డంగా నడిచి, ఆడవాళ్ల వరసలో ఆపా ముందు పెట్టాడు.

"ఆపా, ఇది జోల్చు వాటా."

ఆపా వేళ్లతో తడిమింది. ముక్కు తగిలింది, చెవి తగిలింది.

"తలకాయా? ఆడదాని ముందా? ఎవర్రా ఈ తెలివితక్కువ పని చేసింది?"

"నేనే, ఎసెన్‌కుల్‌ని."

"నువ్వా. సరేలే, నీకు అలవాటే."

కసీమ్ పాతకాలపు మనిషి, కాని మొద్దు కాడు. తల ఎవరి ముందుంటే తోర్ వాళ్లది, ఆపాను పైకి తీసుకురమ్మన్నాడు. ఆవిడకు దారి కనబడదు. ఎసెన్‌కుల్ చెయ్యి పట్టుకుని నడిపించి, తలాయ్‌బెక్ పక్కన కూర్చోబెట్టి వెనక్కి తిరగబోయాడు. ఆపా అతని చొక్కా చెయ్యి వదల్లేదు. పరిచయం లేని చోట కూర్చున్న ముసలావిడ పట్టు అది. ఎసెన్‌కుల్ కూర్చున్నాడు. సగిన్ మాస్టారు గడియారం చూసి టైము రాసుకున్నాడు.

అలా గంటన్నర. ఎసెన్‌కుల్ ముళ్ల మీద కూర్చున్నట్టు కూర్చున్నాడు. లేవబోతాడు, చొక్కా లాగుతుంది, కూలబడతాడు. చూపు మాత్రం తలుపు మీదే. నొసట చెమట పట్టింది.

తలకాయలో కన్ను, మళ్లీ మళ్లీ చూడాలనుకునే మనిషికి ఇవ్వడం మా ఆచారం. ఆపా కత్తి తీసుకుని, చూడనవసరం లేకుండా, అరవై ఏళ్ల అలవాటుతో కన్ను తీసి పక్కకు చాచింది.

"నువ్వేనా ఆఫీసరువి? ఇది నీకు నాయనా. నాకెలాగూ కనబడదు. నువ్వు కాయితాలు చదవాలి."

తలాయ్‌బెక్ తిన్నాడు. చాలాసేపు నమిలాడు.

చివర ఆపా రెండు అరచేతులూ పైకెత్తింది. నలభై మంది ఎత్తారు. ఆ యుద్ధంలో పోయినవాళ్లందరికీ, వాళ్లలో ఒకడైన తన జోల్చుకూ శాంతి కలగాలంది. వాళ్లను పేరు పెట్టి తలుచుకున్నవాళ్లకు పిల్లలూ పశువులూ పెరగాలంది. అందరూ అరచేతులు ముఖాన రాసుకుని ఓమీన్ అన్నారు. తలాయ్‌బెక్ కూడా అన్నాడు. గట్టిగానే అన్నాడు.

అందరూ వెళ్లిపోయాక కూడా ఎసెన్‌కుల్ వసారాలో ఒక్కడే నిలబడి, గడప వైపు తలొంచుకుని చాలాసేపు చూశాడు. ఆ నిమిషంలో అతనికి యుద్ధం ముగిసిందని, వీధిలోంచి వెనక్కి తిరిగి చూసిన సగిన్ మాస్టారు గ్రహించాడు. తర్వాత ఎసెన్‌కుల్, కసీమ్ భార్య రబ్బరు చెప్పుల్లో సగం పాదాలు దూర్చి, మడమలు మంచులో ఈడ్చుకుంటూ తన ఇంటికి నడిచాడు. అది తపస్సని ముల్లా అన్నాడు.

సోమవారం పొద్దున్నే ఎసెన్‌కుల్ కార్యాలయంలో ఉన్నాడు. నిలబడే ఉన్నాడు.

"శుక్రవారం ఓమీన్ అన్నావు."

"అందరూ అన్నారు బైకే."

"అందరికీ సంతకం లేదు."

మా ఊళ్లో పెద్దావిడ దీవెనకు ఓమీన్ అని తర్వాత కాదనేవాడికి పిల్లనివ్వరు, టీ పొయ్యరు. తలాయ్‌బెక్‌కు అప్పటికే పెళ్లయింది గాని టీ మానేసి బతకలేడు. ఫారం ముందేసుకుని బాగా ఆలోచించాడు. తర్వాత సొరుగులోంచి స్కేలు తీసి, రెండు గళ్ల పక్కన మూడో గడి గీశాడు.

ఏప్రిల్‌లో ఆపరేషన్ జరిగింది. ఉన్న చూపు నిలిచింది. తిరిగొచ్చిన రోజున ఆపా ఎసెన్‌కుల్‌ను దగ్గరికి పిలిచి, ముఖం ముఖానికి ఆనించి చూసి, బాగా ముసలాడివయ్యావంది. తలాయ్‌బెక్ ఉద్యోగం పోలేదు. పైవాళ్లు మూడో గడిని గమనించనే లేదు.

ఇంత జరిగాక సగిన్ మాస్టారు జిల్లా పత్రికకు వ్యాసం మొదలుపెట్టాడు. పేరు "గడప వద్ద సైనికుడు". పదకొండు పేజీలు వచ్చాయి. ఎసెన్‌కుల్ తలుపు పక్కన కూర్చోవడం మొదలైన తేదీ ఒక్కటే దొరకలేదు. గత్యంతరం లేక ఉర్కుయా దగ్గరికి వెళ్లాడు. ఆవిడ పిండి పిసుకుతోంది. తలెత్తకుండానే చెప్పింది. తొంభై మూడులో మేనల్లుడి పెళ్లిలో ఆయన కొత్త బూట్లు ఎవరో వేసుకుపోయారు, ఫిబ్రవరిలో కసీమ్ ఇంట్లో మళ్లీ పోయాయి.