పుప్పొడి తిరిగిన ఉదయం

మా పక్కింట్లో ఉండిన సైన్సు మేష్టరు పోయారని నిడుగల్లు బస్సు కండక్టరు చెప్పాడు. రిటైరయ్యాక ఆయన ఆ ఊరికే వెళ్లిపోయారు. దహనం కూడా అయిపోయిందట. ఆ వేళ నా కిరాణా కొట్లో పద్దుల కూడికలు కుదరలేదు.

ఇక్కడున్నన్నాళ్లూ ఆయన ఒంటరిగానే ఉన్నారు. వానలు లేని ఏళ్లవి. వేరుశెనగ పూత మీదే మాడిపోయేది. మా వీధిలో బిళ్లగన్నేరు ఒక్కటే పూసేది; దాన్ని మేకలు కూడా ముట్టవు. ఆయన ఆ పూల పుప్పొడిని చక్కెర నీళ్లలో వేసి, బడి నుంచి తెచ్చిన మైక్రోస్కోపు కింద పెట్టేవారు. పుప్పొడి రేణువు నుంచి సన్నని గొట్టం మొలుస్తుందనీ, విత్తు కట్టే చోటు నుంచి ఊరే ఏదో రసాయనం పువ్వు లోపలి చీకట్లో దానికి దారి చూపిస్తుందనీ నాకు చెప్పారు. పాఠం ముగించేటప్పుడు పిల్లలతో కూడా ఒక మాట అనేవారట: "ఇది పుస్తకంలో ఉండాది. నేను చూడలేదు." రిటైరయ్యేలోగా చూడాలని ఆయన ఆశ.

మా బోరు నీళ్లు ఉప్పన. వాటిలో పుప్పొడి మొలిచేది కాదు. వాన నీళ్లు కావాలి.

బడి మళ్లీ తెరిచేలోగానే ఆయన రిటైరు కావాలి; ఆ ఆఖరి వేసవి సెలవుల్లో ఒక సాయంత్రం వాన కొట్టింది. ఊరంతా నాగళ్లు సర్దుకుంటుంటే ఆయన వీధి మధ్య స్టీలు గ్లాసు పట్టుకుని నిలబడ్డారు.

"ఏంది అయివోరా, ఆ గ్లాసుతో ఎన్నెకరాలు తడుపుతావు?" అంది ఎదురింటి అవ్వ.

"ఒగ పువ్వుకు చాల్లే అవ్వా."

తెల్లవారి గోడ మీది నుంచి నన్ను పిలిచారు. ఆయన అప్పటికే ఒకసారి చూశారట, తన కంటి మీదే నమ్మకం కుదరలేదు. గాజుపలక మీద ఒక పక్క పువ్వులో విత్తు కట్టే అండాశయం ముక్క, కాస్త ఎడంగా పుప్పొడి. మైక్రోస్కోపుకు కన్ను ఆనిస్తే మొదట నాకు మసకే కనిపించింది. తర్వాత దారాల్లాంటివి. కొన్ని ఎటో పోయాయి. కొన్ని మాత్రం ఆ ముక్క వైపు వంగి ఉన్నాయి.

"తిరిగినాయా?"

"తిరిగినాయి సార్."

"ఏది పిలుస్తాండాదో దానికి తెలుసప్పా. మనకే ఇంకా తెలీదు," అన్నారు. తర్వాత మెల్లగా, "నేను చూసినానని చెప్పేదానికి ఇంక క్లాసు లేదు," అన్నారు.

నేను మళ్లీ కన్ను ఆనించాను. బయట ఎద్దులను అదిలించే కేకలు. ఆయన నన్ను తొందరపెట్టలేదు. మళ్లీ తన వంతు కోసం, ఒక కన్ను ముందే మూసుకుని, నా పక్కన నిలబడి ఉన్నారు.