ఇనప రెక్కలోడు దిగిన రోజు

మా పాళెంలో పిల్లల చానెల్ చూసిన మగవాణ్ణి నేనొక్కణ్ణే అయివుంటాను. చేపల వేట లేని సాయంత్రాల్లో నా కూతురూ పక్కింటి పిల్లా నేల మీద బోర్లా పడుకుని బొమ్మల సీరియల్ చూస్తుంటే, వాళ్ళ వెనక మంచం మీద కూర్చుని నేనూ చూసేవాణ్ణి. ఏ దేశంలోనో గీసిన బొమ్మలు, తెలుగులో మాట్లాడేవి. అందులో ఒక దుర్మార్గుడు ఉండేవాడు. రాజు ఇచ్చిన ఇనప రెక్కలు కట్టుకుని ఊళ్ళ మీద పడి, ఇంటింటి దీపాలూ ఎత్తుకుపోతాడు. వాడు వచ్చి పోయాక ఊరంతా చీకటే. సీరియల్లో వాడికేదో నోరు తిరగని పేరుంది. పిల్లలు మాత్రం ఇనప రెక్కలోడు అనేవాళ్ళు.

పక్కింటి పిల్ల వాడి పక్షం.

"వీడు మంచోడైపోతాడు చూడు," అనేది.

"వీడా? నిన్న ఆ ముసిలమ్మ దీపం గూడా ఎత్తుకపోయినాడే!" అనేది నా కూతురు.

"ఎత్తుకపోయినాడు గానీ ఆమె మొహం చూళ్ళేకపోయినాడు. వాడి కనుబొమ్మ చూసినావా, ఇట్టా అయింది." తన కనుబొమ్మను వేలితో పైకి నెట్టి చూపించేది. "నువ్వు చెప్పు మామా, అవతాడా కాడా?"

"దొంగెదవ దొంగెదవే," అనేవాణ్ణి.

"మామకు బొమ్మలు చూడ్డం రాదు," అని ఇద్దరూ ఒకటై నవ్వేవాళ్ళు.

ఆ పిల్ల తండ్రి నాకు వరసకు బావ. ఇద్దరం ఒక ఈడువాళ్ళం, ఒకే పడవలో వేట నేర్చుకున్నాం. గాలివానకు వాళ్ళ టీవీ పాడైతే మళ్ళీ కొనలేదు. మా ఇంట్లో ఉంది గదా అనుకున్నారు.

మా పాళెంలో కట్టుబాట్లు చూసేది కాపులు, అంటే పల్లె పెద్దలు. ఏ గొడవైనా వాళ్ళ ముందే పెట్టాలి, పోలీసుల దగ్గరికి పోకూడదు. పోతే దురాయి వేస్తారు. దురాయి పడిన ఇంటితో ఎవరూ మాట్లాడరు. అంగట్లో సరుకు ఇవ్వరు. వేటకు కలుపుకోరు. పడవను నీళ్ళలోకి నెట్టేటప్పుడు భుజం ఆనించరు. జాలిపడి ఆనించినవాడి మీదా దురాయి పడుతుంది. నేను నెల్లూరులో డిగ్రీ దాకా చదివానని, మాటకారినని, చిన్న వయసులోనే నన్ను కాపుల్లో కూర్చోబెట్టారు.

ఆ ఏడు ఎవరో బావ వలను సముద్రంలోనే కోసేశారు. ఎవరో అని రాస్తున్నాను, ఇప్పటికీ ఆ అలవాటు పోలేదు. కోసింది నా తమ్ముడు. వేట చోటు దగ్గర ఇద్దరికీ మాటామాటా పెరిగింది. ఆ పొద్దే వాడు వచ్చి నాతో చెప్పాడు. నేను నోరు మూసుకున్నాను. బావ కాపుల ముందుకు వచ్చి న్యాయం అడిగితే, "చూసినోళ్ళు ఎవురు?" అన్నది నేనే. ఇంకోసారి వచ్చినా అదే మాట అన్నాను. ఆ తర్వాత బావ మా దగ్గరికి రాలేదు, స్టేషన్‌కు పోయాడు.

దురాయి అనే మాట మొదట అన్నదీ నేనే. పెద్ద కాపు తటపటాయించాడు. "ఆడబిడ్డ ఉండే ఇల్లు అబ్బయ్యా. ఒకసారి పిలిపించి మాట్లాడదామా?" అన్నాడు.

"ఒకణ్ణి వదిలితే రేపు అందరూ స్టేషన్ మెట్లెక్కతారు," అన్నాను. ఇంకా చాలా మాట్లాడాను, బాగా మాట్లాడాను. మాట్లాడుతున్నంతసేపూ ఇదంతా కట్టుబాటు కోసమేనని నన్ను నేనే నమ్మించుకున్నాను. వెనక వరసలో నా తమ్ముడు తల వంచుకుని కూర్చున్నాడు.

చాటింపు వేసిన మర్నాడు సీరియల్ వేళకు ఆ పిల్ల ఎప్పటిలాగే కాళ్ళు కడుక్కుని మా గుమ్మంలోకి వచ్చింది. ఇంట్లో వాళ్ళు చెప్పలేదో, చెప్పినా టీవీకి అది వర్తించదనుకుందో. నేను ఏమీ అనలేదు. అనకూడదు గదా. తలుపు వేశాను.

ఆ పిల్ల పోలేదు. చుట్టూ తిరిగి వచ్చి కిటికీ కింద కూర్చుంది. జడకు కట్టిన ఎర్ర రిబ్బను మాత్రం లోపలికి కనపడుతోంది. నా కూతురు దాన్ని చూసి, నన్ను చూసి, టీవీ సౌండు పెంచింది. ఎందుకు పెంచిందో నాకు అర్థమైంది. రిమోట్ లాక్కుని సౌండు మొత్తం తీసేశాను.

తెర మీద బొమ్మలు నోళ్ళు ఆడిస్తున్నాయి. నా కూతురు తెర మీది నుంచి చూపు తిప్పకుండా గట్టిగా మొదలుపెట్టింది.

"ఇప్పుడు వాడు కొండ మీద నిలబడి ఉండాడు. రాజు ఏందో అరస్తా ఉండాడు. వాడు రెక్కల బెల్టు ఇప్పతా ఉండాడు. ఒక రెక్క తీసి పారేసినాడు. రెండోది రావడంలా. చర్మానికి అతుక్కపోయింది, లాగతా ఉండాడు..."

"నే జెప్పలా!" అని కిటికీ కింద నుంచి సన్నగా వినపడింది.

"ఎవురితో మాట్లాడతా ఉండావు?" అన్నాను నా కూతురితో.

"టీవీతో."

చెంప మీద కొట్టాను. చేతిలో రిమోట్ ఉన్న సంగతి కొట్టాక తెలిసింది. పిల్ల పెదవి చిట్లింది. ఏడవలేదు. కిటికీ వైపు చూస్తే రిబ్బను లేదు. ఇసకలో పరుగెత్తితే చప్పుడు వినపడదు. మా ఇంట్లో ఆ సీరియల్ మళ్ళీ పెట్టలేదు.

ఫైబర్ పడవను నీళ్ళలోకి దించాలంటే పది భుజాలైనా కావాలి. దురాయి పడ్డాక బావ, ఆయన భార్య, ఆ పిల్ల ముగ్గురే నెట్టేవాళ్ళు. మేము ఒడ్డున కూర్చుని వలలు బాగుచేసుకుంటూ చూసేవాళ్ళం. మొదట్లో కొందరు నవ్వారు. తర్వాత తర్వాత ఎవరూ అటు చూడ్డం మానేశారు.

ఒక ఉదయం అలలు పెద్దగా ఉన్నాయి. ఎవరూ వేటకు పోలేదు. బావ పోక తప్పలేదు, ఇంట్లో వండుకోవడానికి ఏమీ లేదని తర్వాత తెలిసింది. పడవ సగం నీళ్ళలోకి దిగాక అల వచ్చి దాన్ని అడ్డం తిప్పేసింది. రెండో అలకు అది ఎగిరి బావ మీద పడింది. ఆయన కాళ్ళు పడవ కింద ఉన్నాయి. తల్లీ కూతురూ ఎత్తడానికి చూశారు. అది కదల్లేదు. అప్పుడా పిల్ల ఒడ్డుకు తిరిగింది. అంతమందిలో నన్నే పిలిచింది.

"మామా! నాయన కాలు మామా!"

అందరూ నా వైపు చూశారు. నేను లేస్తే అందరూ లేస్తారని నాకు తెలుసు, వాళ్ళకూ తెలుసు. చేతిలో వల అల్లే సూది ఉంది. నేను లేవలేదు. ఏమాలోచించానని తర్వాత చాలాసార్లు నన్ను నేనే ప్రశ్నించుకున్నాను. ఏమీ ఆలోచించలేదు. అల వచ్చి పడవను ఎత్తింది, మళ్ళీ ఆయన మీదే వేసింది. సూదిలోంచి దారం జారిపోతే మళ్ళీ ఎక్కించుకున్నాను. ఇది నిజం.

చేపలు ఎండబెట్టే చోటు నుంచి నా భార్య గంప పడేసి పరుగెత్తింది. నా పక్క నుంచి పోతూ, "ఏమయ్యా, నీకూ కాళ్ళు విరిగినాయా?" అంది. ఆమె వెనక ఆడవాళ్ళు, వాళ్ళ వెనక మగవాళ్ళు పరుగెత్తారు. నేను చేరేసరికి పడవ చుట్టూ చెయ్యి పెట్టడానికి సందు లేదు.

నెల్లూరు ఆసుపత్రిలో బావకు ఒక కాలు మోకాలి పైదాకా తీసేశారు. దురాయిని ఎవరూ తీసెయ్యలేదు, దానంతటది పోయింది. ఎవరూ దాని మాట ఎత్తలేదు. బావ కుటుంబం తోటపల్లి గూడూరు వైపు పోయింది. అక్కడ రొయ్యల గుంటకు కాపలా పని దొరికిందని, గట్టు మీదే గుడిసె అని విన్నాను.

ఆ రోజే నేను మారిపోయానని రాయగలిగితే బాగుండేది. ఏడాది పైన అలాగే కాపుల్లో కూర్చున్నాను, తీర్పులు చెప్పాను. ఒక సాయంత్రం ఇంట్లో ఏ చప్పుడూ లేకుంటే ఉండబట్టలేక, "ఆ సీరియల్ ఏమైందమ్మా? వాడు చివరికి మంచోడైనాడా?" అని నా కూతుర్ని అడిగాను.

చదువుతున్న పుస్తకంలోంచి తలెత్తింది. పెదవి మీద చిన్న తెల్లటి గీత.

"నీకెందుకు నాయనా?" అంది. కోపంగా అనలేదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగినట్టు అడిగింది.

తర్వాతి కాపుల కూటంలో లేచి నిలబడి, వల కోసింది నా తమ్ముడని, తెలిసే దురాయి వేయించానని చెప్పాను. పెద్ద కాపు, "ఇప్పుడెందుకబ్బయ్యా ఇదంతా? ఆ కాలు మొలస్తదా?" అన్నాడు. నన్ను కాపుల్లోంచి తీసేశారు. తమ్ముడు నాతో మాట్లాడ్డం మానేశాడు. దురాయి మాత్రం వేయలేదు. వేసుంటే బాగుండేదని అనిపిస్తుంది. ఆ కోరికలోనూ నా సుఖమే చూసుకుంటున్నానని వెంటనే అనిపిస్తుంది.

తర్వాత బండి మీద ఆ గుంట దగ్గరికి పోయాను. బావ చూరు కింద మంచం మీద ఉన్నాడు, పక్కన చంక కర్ర. నేను గట్టు మీద ఎండలో నిలబడి చెప్పాల్సింది చెప్పాను. గుంటలో నీళ్ళు చిమ్మే చక్రాల చప్పుడులో నా గొంతు నాకే సరిగా వినపడలేదు. బావ నీళ్ళ వైపే చూస్తున్నాడు. విన్నాడో లేదో తెలియలేదు. మళ్ళీ చెప్పడానికి నోరు రాలేదు.

అప్పుడే ఆ పిల్ల బడి నుంచి వచ్చింది. పొడుగైంది. నన్ను చూసి ఆగి, సంచి దించింది. "ఆ రోజు... ఆ సీరియల్ సగంలో..." అన్నాను.

"తర్వాత ఫోన్లో చూసినా," అంది.

"రెండో రెక్క ఊడిందా?"

"ఊడింది. చర్మంతో సహా ఊడొచ్చింది."

"తర్వాత?"

"నడిచి పోయినాడు, దీపాలు ఎత్తుకపోయిన ఊరికి. ఎవురూ తలుపు తీయలా. ముసిలమ్మ గూడా తీయలా. ఆడనే గోడ పక్కన కూర్చోని ఉండాడు."

"ఎంతసేపు?"

"సీరియల్ అయిపోయిందాకా."

చక్రాలు తిరుగుతున్నాయి. బావ నీళ్ళ మీది నుంచి చూపు తిప్పకుండా, "ఎండలో నిలబడి ఉండాడు. నీడకు జరగమను," అన్నాడు కూతురితో.

"మామా, నీడకు జరగమంటున్నాడు నాయన."

జరిగాను. చూరు అంచు కింద కూర్చున్నాను. మంచినీళ్ళు ఇవ్వలేదు, నేను అడగలేదు.

ఇప్పటికీ వీలైనప్పుడల్లా పోతుంటాను. బావ ఈనాటిదాకా నాతో నేరుగా ఒక్క మాట మాట్లాడలేదు. చెప్పేదేదైనా ఉంటే ఆ పిల్లతో చెబుతాడు. ఆ పిల్ల ఇంట్లో లేని రోజు, ఆయన మంచం మీద, నేను చూరు కింద, చక్రాల చప్పుడు వింటూ కూర్చుంటాం.